తీరానికి మనమే ఒక పటం గీస్తే

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దేశం కాని దేశంలో ఉన్నవాళ్లకు కూడా తుఫాను సుడి ఎక్కడుందో తెరమీద కనబడుతూనే ఉంది. కానీ తెనాలిలో అమ్మ ఉండే వీధిలో నీళ్లు నిలుస్తాయా, రేపల్లె లంకల్లో బాబాయి గేదెల్ని ఎప్పుడు కట్టమీదికి తోలాలి అన్నది ఏ మ్యాపులోనూ దొరకదు. ఆ సమాచారం చూపే వెబ్ మ్యాపును మనవాళ్లు కలిసి తయారు చేసుకోవచ్చు.

ముందు ఏ ఊరికి ఏ భయమో తేల్చుకోవాలి. తెనాలికి సముద్రం దూరం. కుండపోత కురిస్తే మురుగు కాల్వలు లాగకపోవడమే దాని బాధ. బాపట్లకు సూర్యలంక వైపు సముద్రం, లోపల నల్లమడ డ్రెయిన్. రేపల్లెకు మాత్రం రెండు వైపుల నుంచీ గండమే. 1977 నవంబరు 19 ఉప్పెనలో సముద్రమే పొంగి దివిసీమనూ రేపల్లె తీరాన్నీ ముంచింది. అప్పటి తుఫానుకు పది వేల మందికి పైగా పోయారు. 2024 సెప్టెంబరులో ముంపు నది ఎగువ నుంచి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలారు. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చే 5.69 లక్షలకు అది దాదాపు రెట్టింపు. తుఫాను సుడినే చూపే పటం ఆ రోజు లంకవాసికి ఎందుకూ పనికొచ్చేది కాదు.

పటం గీయడానికి పెద్ద ఖర్చు లేదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఉచితం, దాన్ని తెరమీద కదిలించే లీఫ్‌లెట్ కూడా ఉచితమే. వాటిమీద వాతావరణ శాఖ బులెటిన్లు, కేంద్ర జల సంఘం నదీ మట్టాలు, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారి అలల, సునామీ హెచ్చరికలు పొరలు పొరలుగా పరచాలి.

అసలు చిక్కు కాలంతో. 'లైవ్' అన్న ఒక్క మాట కింద ఇవన్నీ ఒకే గడియారం మీద నడవవు. సునామీ జాడకు చూసే అమెరికా భూగర్భ సర్వే సంస్థ భూకంపాల జాబితా నిమిషానికోసారి మారుతుంది. మన తుఫాను బులెటిన్ సాధారణంగా మూడు గంటలకోసారి వస్తుంది. మూడు గంటల కిందటి తుఫాను చుక్కను ఇప్పటిదనుకుంటే ప్రమాదం. అందుకని ప్రతి పొరమీదా భారత కాలమానంలో సమయం ఉండాలి. సమాచారం పాతబడితే రంగు వెలిసిపోవాలి, రాకపోతే 'అందలేదు' అని చెప్పాలి. జరిగినదాన్ని నిండు గీతతో, అంచనాను చుక్కల గీతతో చూపాలి.

ఇక అంతరిక్షం నుంచి దొరకనివి ఉన్నాయి: ఏ వీధిలో మోకాలి లోతు నిలుస్తుంది, కరకట్ట ఎక్కడ బలహీనం, తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గర. ఇవి ఊళ్లోవాళ్లకే తెలుసు. కోడూ సర్వరూ దూరదేశంలో ఉన్న మనం చూసుకుంటే, బాపట్ల, తెనాలి కాలేజీ పిల్లలు ఊరూరా తిరిగి ఈ వివరాలు ఎక్కించగలరు. తాళం మనిషి పేరూ నంబరూ మాత్రం అందరికీ కనబడే పటంలో పెట్టకూడదు. పంచాయతీ దగ్గర ఉంచాలి.

ఖాళీ చేయమని చెప్పే అధికారం కలెక్టరుదే. మన పటం సొంత హెచ్చరికలు చేయకుండా, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనను పైన పెట్టాలి. మనకు తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. మురుగు కాల్వల పొర ఒక్కటైనా ఈ ఎండాకాలమే పూర్తి చేయాలి. కాల్వ గట్లమీద నడవడానికి వీలుండేది అప్పుడే.