“నన్నేమి చేయమందురు?”

మన స్త్రీలకు సలహాల కఱవు లేదు. మా హిందూపురమున నొక యిల్లాలు తన కష్టమును బెల్లపుమండీ త్రోవలో నొకరితో జెప్పుకొనిన చాలును. ఇల్లు చేరులోపల నలుగురు నాలుగు మార్గములు చూపుదురు. అత్తవారొకటి యనిన, పుట్టినింటివారు వేఱొకటి యందురు. ఇట్టి సలహాలతో నలసియే కొందఱు రైలెక్కి బెంగుళూరు చేరి, నిమ్హాన్సు వంటి వైద్యశాలలయందు మానసచికిత్సకుల నాశ్రయించుచున్నారు. అచ్చటను వారడుగునది “అమ్మా, నన్నేమి చేయమందురు?” అనియే. చికిత్సకురాలు వెంటనే యుత్తరమీయక తిరిగి ప్రశ్నించును. “ఇంతదూరము వచ్చినది దీనికా?” యని వచ్చినవారు చిన్నబుచ్చుకొనుట కలదు. ఆ తీరునకు గల కారణమును సోదరీమణులెఱుగుట మేలని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చికిత్సకులు సలహాయే చెప్పరనుట సరికాదు. నిద్రకు సంబంధించిన నియమములు, భయము పైకొన్నపుడు ఊపిరి నెమ్మదిగా విడుచు విధము, వైద్యుని అడుగక మందు మానరాదనుట, ఇట్టివి స్పష్టముగనే చెప్పుదురు. వచ్చినవారు ప్రాణము తీసికొనదలంచినను, ఇంట దెబ్బలు తినుచున్నను, ముందుగా రక్షణమార్గము చూపుదురు. కాని కాపురము నిలుపుకొనవలెనా, ఉద్యోగము మానవలెనా, కుమార్తె కోరిన సంబంధమున కొప్పుకొనవలెనా యను ప్రశ్నల తీరు వేఱు.

ఆ నిర్ణయఫలము ననుభవించునది చికిత్సకురాలు కాదు. ఆమె విన్నది కొన్ని గంటలు. అడిగినయామె యా యింట నున్నది ఏండ్లతరబడి. సలహా ఫలించినచో మఱుసటి చిక్కునకు మరల సలహాకే రావలయును. వికటించినచో నింద యొకరిపై మోపి యూరకుండవచ్చును. రెండింటను స్వశక్తి పెరుగదు. కావుననే చికిత్సకురాలు, “ఇదివఱకెవరి నడిగితిరి? వారు చెప్పినదానిలో మీ మనసు కొప్పనిదేది?” అని యడుగును. “పుట్టినింటికి పోవుదునా?” యను ప్రశ్నవెనుక “పోయినచో నన్ను రానిత్తురా?” యను భయము దాగియుండవచ్చును. మొదటిదానికి అవుననియో కాదనియో చెప్పినచో, రెండవది బయటపడకయే పోవును.

ఈ విషయమున పండితులకును ఏకాభిప్రాయము లేదు. అమెరికాదేశపు కార్ల్ రోజర్సు 1942లో ప్రకటించిన గ్రంథమున, దారిచూపుటకంటె వినుటయే ప్రధానమని వాదించెను. కాని 1964లో బెంగుళూరున సూర్య, జయరాములు, మన దేశపు రోగులు చికిత్సకుని నుండి ప్రత్యక్షమైన యాదరువు కోరుదురని వ్రాసిరి. 1973లో జస్వంత్ సింగ్ నేకీ గారు గురుశిష్యసంబంధమే మనకు తగిన మాదిరి కావచ్చునని ప్రతిపాదించిరి.

అయితే గురువును ఎంతవఱకు చెప్పవలెను? కురుక్షేత్రమున అర్జునుడు శ్రేయోమార్గమును నిశ్చయించి చెప్పుమని వేడెను. శ్రీకృష్ణుడు ఉపదేశమునకు లోపము చేయలేదు. చివరి యధ్యాయమున మాత్రము ఆలోచనాభారమును అర్జునునికే యొప్పగించెను. మా యింటికి వచ్చు బడిపిల్లలు లెక్కకు జవాబడిగినప్పుడు మావారును “ఎంతవఱకు చేసితివో చూపు” మందురు. అయితే లెక్కల పుస్తకపు చివర జవాబు లుండును, సంసారమునకు లేవు.

కావున చికిత్సకురాలు ప్రశ్నించినపుడు, నిరాదరణమని లేచి రావలదు. “మీ యభిప్రాయమును చెప్పరేల?” అని నిర్భయముగా నడుగవచ్చును, మంచి చికిత్సకురాలు కారణమును వివరించును. బెంగుళూరు పోలేనివారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ కలదు. 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా తెలుగున మాటలాడవచ్చును. ఇంట హింసకు లోనగు స్త్రీలకు 181 కలదు.

మనకడకు వచ్చిన చెల్లెలో, కోడలో “నన్నేమి చేయమందువు?” అన్నపుడు, మనమును ఒక్క క్షణ మాగి, “నీకేమి తోచుచున్నది?” అని యడుగుదము గాక! ఆమె నట్లడిగినవారు అంతవఱ కొక్కరును లేకపోవచ్చును.