విచారం - విచారణ

తెలుగులో ‘విచారం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సంస్కృతంలో ఈ శబ్దానికి ఆలోచన, పరిశీలన, తర్కించి నిర్ణయించడం అని అర్థం. ప్రాచీన రచనల్లో రాజు మంత్రులతో విచారం చేశాడంటే, వారితో కలిసి ఆలోచించాడని గ్రహించాలి. కాలక్రమంలో వాడుకలో ఆ మాట దిగులుకు పేరైంది. పరిశీలన అనే అర్థాన్ని నేడు ‘విచారణ’ అనే మాట ఎక్కువగా మోస్తున్నది. ఒకే ధాతువు నుంచి పుట్టిన ఈ రెండు మాటల నడుమ ఎంత దూరం ఏర్పడిందో తెలియాలంటే, రక్తపరీక్ష రిపోర్టు చేతపట్టుకొని ల్యాబు మెట్లు దిగి వస్తున్న మనిషి ముఖం చూస్తే చాలు.

పూర్వం వైద్యుడు నాడి పట్టి చూసేవాడు. శార్ఙ్గధర సంహిత వంటి గ్రంథాలు నాడీపరీక్షను వివరించాయి. ఆ పరీక్షాఫలితం వైద్యుని మనసులోనే ఉండేది. ఆయన నోరు విప్పి చెప్పినంత మేరకే రోగికి తెలిసేది. నేటి పద్ధతి వేరు. ఫలితం తరచుగా వైద్యుని కంటె ముందే రోగి చేతికి, ఇంకా చెప్పాలంటే అతని సెల్‌ఫోనుకు చేరుతున్నది. అందులో పరీక్ష పేరు, మనకు వచ్చిన సంఖ్య, దాని పక్కన ఉండవలసిన పరిధి కనిపిస్తాయి. సంఖ్య పరిధిని దాటితే దాన్ని లావు అక్షరాల్లో ముద్రించి, పక్కన చుక్క గుర్తో బాణం గుర్తో పెడతారు. కొంచెం దాటినా, పదింతలు దాటినా చాలా రిపోర్టుల్లో గుర్తు ఒక్కటే. ‘చిత’కు సున్న చేరిస్తే ‘చింత’ అవుతుందని పెద్దలు చమత్కరించారు. ఆ సున్న పని ఇప్పుడు ఈ చుక్క చేస్తున్నది.

మా కళాశాలలో చదివి, పై చదువు పూర్తిచేసి, ఉద్యోగానికి ఎంపికైన కోనసీమ అమ్మాయి ఒకతె ఉండేది. ఉద్యోగంలో చేరే ముందు వైద్యపరీక్షలు చేయించుకొమ్మన్నారు. అంతకు ముందురోజే అట్లతద్ది. తెల్లవారక ముందే లేచి భోజనం చేసి, ఊయలలూగి, చంద్రోదయం దాకా ఉపవాసముండి, ఆ రాత్రి రెండు అట్లు తిన్నాననిపించి, మరునాడు పరగడుపున రక్తమిచ్చింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి కాని, బిలిరుబిన్ 1.8 మిల్లీగ్రాములని వచ్చింది. ఆ రిపోర్టులో ఎగువ హద్దు 1.2. పక్కన చుక్క గుర్తు.

“పచ్చకామెర్లే! ఆలస్యం చేస్తే ముదిరిపోతాయి” అన్నది నాయనమ్మ. మన పల్లెల్లో కామెర్లంటే ఎంత భయమో చెప్పనక్కరలేదు. మేనమామ పొరుగూరి నుంచి పసరు తెచ్చాడు. ఉప్పు, కారం, నూనె మానిపించి, చప్పిడి పథ్యమని కాస్త మజ్జిగ అన్నంతో సరిపెట్టారు. ఇంటికి వచ్చిన వారందరూ ఆ పిల్ల కళ్లలోకి చూసి, “అవును, పచ్చబడ్డాయి” అని తేల్చారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఇక్కడ లోకానికే ఆ పిల్ల పచ్చగా కనిపించింది. పదిరోజుల పథ్యం తరువాత మళ్లీ పరీక్ష చేయిస్తే సంఖ్య 2.4కు పెరిగింది. ఉద్యోగంలో చేరవలసిన గడువు దగ్గర పడుతున్నది. ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఆ సంఖ్య ఎందుకు పెరిగిందో తెలియాలంటే బిలిరుబిన్ అంటే ఏమిటో కొంత తెలుసుకోవాలి. రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు జీవించి నశిస్తుంది. దానిలోని హీమోగ్లోబిన్ విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే పసుపు పదార్థమే బిలిరుబిన్. అది నీటిలో కరగదు. కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి, కరిగే రూపానికి మార్చి, పైత్యరసంతో పాటు పేగులోకి పంపుతుంది. ఈ జోడింపు పని చేసే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. ఇతరులలో ఉండే శక్తిలో మూడోవంతు మాత్రమే ఉండవచ్చు. అయినా నిత్యజీవితానికి అది చాలుతుంది. ఈ స్థితిని ఫ్రెంచి వైద్యుడు ఆగస్టిన్ గిల్బర్ట్ తన సహచరునితో కలిసి 1901లో వర్ణించాడు. అందుకే దీన్ని గిల్బర్ట్ సిండ్రోమ్ అంటారు. దీనికి కారణమైన జన్యుభేదాన్ని 1995లో గుర్తించారు. పేరు వింటే జబ్బులా ధ్వనిస్తుంది కాని, దీనివల్ల కాలేయం చెడదు. మందు అవసరం లేదు. కొన్ని ప్రత్యేకమైన ఔషధాలు, ముఖ్యంగా ఒకటి రెండు క్యాన్సరు మందులు వాడవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ సంగతి వైద్యునికి తెలిసి ఉండాలి.

ఇటువంటివారిలో ఉపవాసం, జ్వరం, నిద్రలేమి, అధిక శ్రమ బిలిరుబిన్‌ను పెంచుతాయి. అంటే ఆ ఇంటివారు వ్యాధికి మందనుకొని పెట్టిన అర్ధాకలి పథ్యమే సంఖ్యను ఎగదోసింది. భయం వల్ల పథ్యం, పథ్యం వల్ల సంఖ్య, సంఖ్య వల్ల మళ్లీ భయం! పసరు సంగతి సరేసరి. కొన్ని నాటుమందులు ఆరోగ్యంగా ఉన్న కాలేయానికే చేటు తెస్తాయి.

ఇంతకూ ఆ 1.2 అనే హద్దు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రకృతి గీసిన గీత కాదది. మనుషులు లెక్కవేసి గీసినది. ఆరోగ్యవంతులని నిర్ధారించుకొన్న కొందరిని ఎన్నుకొంటారు. కనీసం 120 మంది ఉండాలని ప్రయోగశాలల ప్రమాణం. వారి రక్తాన్ని పరీక్షించి, వచ్చిన విలువలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేరుస్తారు. అటు చివర నూటికి రెండున్నర వంతు, ఇటు చివర నూటికి రెండున్నర వంతు విడిచి, మధ్యనున్న 95 వంతులను పరిధిగా తీసుకొంటారు. 120 మందిలో ఈ లెక్కన అటు ముగ్గురు, ఇటు ముగ్గురు గీత బయట పడతారు. ఆ ఆరుగురూ రోగులు కారు. ఆరోగ్యవంతులనే కదా ఎన్నుకొన్నాం! అందుకే ‘సహజ విలువలు’ అనే పేరు సరిగా లేదని ఫిన్లాండుకు చెందిన గ్రాస్‌బెక్, సారిస్ అనే శాస్త్రజ్ఞులు 1969లో ‘రిఫరెన్సు విలువలు’ అనే పేరు ప్రతిపాదించారు. పోల్చి చూసుకోవడానికి ఉపకరించే విలువలని దాని తాత్పర్యం. బిలిరుబిన్ వంటి కొన్నింటిలో ఎగువ హద్దుకే ప్రాముఖ్యం ఉన్నా, గీత గీసే సూత్రం ఇటువంటిదే.

గణితం చదివే విద్యార్థులు ఇక్కడ మరొక సంగతి గమనించగలరు. ఒక పరీక్షలో ఆరోగ్యవంతుని విలువ పరిధిలో ఉండే సంభావ్యత 0.95. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేస్తే, అన్నీ పరిధిలో ఉండే సంభావ్యత 0.95ను ఇరవైసార్లు హెచ్చవేయగా వచ్చేది, అంటే సుమారు 0.36. తక్కిన 64 పాళ్లు ఎక్కడో ఒకచోట చుక్క గుర్తు పడవలసిందే. నిజానికి శరీరంలోని పదార్థాలు పరస్పరం ముడిపడి ఉంటాయి గనుక ఈ లెక్క కచ్చితంగా ఇలాగే రాదు. కాని దిశ ఇదే. పండుగ తగ్గింపు ధరకు అరవై పరీక్షలని ప్రకటన చూసి, ఏ బాధా లేకుండా ల్యాబుకు వెళ్లేవారు ఈ లెక్క ఒక్కసారి వేసుకొంటే బాగుంటుంది. ప్రశ్న లేకుండా తెచ్చుకొన్న జవాబుకు అర్థం చెప్పడం కష్టం.

రక్తం తీసిన తీరు కూడా సంఖ్యను మార్చగలదు. గొట్టంలో ఎర్రకణాలు పగిలితే, వాటిలోని పొటాషియం బయటికి వచ్చి, లేని ఎక్కువను చూపుతుంది. ముందురోజు కబడ్డీ ఆడి ఒళ్లు హూనం చేసుకొన్నవాడికి కండరాల నుంచి వచ్చే ఎంజైములు పెరిగి కనిపిస్తాయి. థైరాయిడ్‌ను నియంత్రించే టి.ఎస్.హెచ్. రాత్రివేళ ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది.

అయితే కొంచెమే కదా అని ప్రతి చుక్కనూ తోసిపుచ్చవచ్చునా? కూడదు. కొన్ని హద్దులు పైన చెప్పిన 95 వంతుల లెక్కతో గీసినవి కావు. ముందు ముందు కలగబోయే హానిని అంచనా వేసి గీసినవి. పరగడుపు చక్కెర 140 మిల్లీగ్రాములుంటే మధుమేహమని ఒకప్పుడు అనేవారు. అమెరికా మధుమేహ సంఘం 1997లో దాన్ని 126కు దించింది. అంతకు ముందురోజు 130తో నిశ్చింతగా ఉన్నవాడు, తన రక్తం ఏమీ మారకుండానే మరునాటికి రోగి అయ్యాడు. మధుమేహానికి ముందుదశను సూచించే హద్దును ఆ సంఘమే 2003లో 110 నుంచి 100కు తగ్గించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110నే పాటిస్తున్నది. కాబట్టి 104 వచ్చినవాడు ఒకరి లెక్కలో ముందుదశలో ఉన్నాడు. మరొకరి లెక్కలో లేడు. గీతను ఇరువురు రెండుచోట్ల గీసినా, అతని శరీరం ఒక్కటే. భారతీయులకు ఇతరుల కంటె చిన్న వయసులో, తక్కువ బరువులోనే మధుమేహం వస్తున్నది గనుక, ఆ 104 అతన్ని భయపెట్టనక్కరలేదు కాని, నడకకు పురికొల్పాలి. కొన్ని నెలల తరువాత మళ్లీ పరీక్షకు రప్పించాలి.

హీమోగ్లోబిన్ విషయంలో మన పొరపాటు దీనికి విరుద్ధమైనది. గర్భవతులు కాని స్త్రీలకు అది 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయం. 11.2 వచ్చిన ఆడపిల్లను, “ఆడవాళ్లకందరికీ అంతేలే” అని సమాధానపరుస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అందరికీ ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యం కాజాలదు. అలసట, చదువుపై నిలవని దృష్టి, ముందు ముందు ప్రసూతిలో కలిగే ప్రమాదం, ఇవన్నీ ఆ తగ్గిన ఒక గ్రాముతో ముడిపడి ఉండవచ్చు. చుక్కను చూసి వణికే ఇంట్లోనే, ఈ చుక్కను మాత్రం ఎవరూ పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది.

మరి ఏ చుక్క ఎటువంటిదో ఎట్లా తెలుస్తుంది? సంఖ్యను ఒంటరిగా కాక, దాని బంధువర్గంతో కలిపి చూడాలి. పాత రిపోర్టులో ఎంత ఉన్నది, హద్దును ఎంత దాటింది, తోటి పరీక్షలు ఏమంటున్నాయి, మనిషికి ఉన్న బాధ ఏమిటి అన్న వాటిని బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు.

కోనసీమ అమ్మాయిని చివరకు పట్టణంలో ఒక వైద్యుని వద్దకు తీసుకువెళ్లారు. ఆయన ముందుగా రిపోర్టు చూడలేదు. జ్వరం, వాంతులు, దురద ఉన్నాయా, మూత్రం ముదురు రంగులో వస్తున్నదా, మలం తెల్లబడిందా అని అడిగాడు. ఇవి ఉంటే, ఎస్.జి.పి.టి. వందల్లోకి పెరిగితే అది నిజమైన కామెర్ల వ్యాధి కావచ్చు. అప్పుడు ఒక్కరోజు ఆలస్యమూ తగదు. ఆ అమ్మాయికి ఇవేవీ లేవు. తరువాత రిపోర్టు విప్పి, మొత్తం బిలిరుబిన్ 2.4 అయినా, కరిగే రూపంలోని ‘డైరెక్టు’ బిలిరుబిన్ 0.3 మాత్రమేనని చూపాడు. ఎస్.జి.పి.టి. 24, హీమోగ్లోబిన్ 12.6. ఎర్రకణాలు అతిగా నశించడం లేదని మరొక పరీక్షతో నిర్ధారించుకొన్నాడు.

“అమ్మా, ఈ పిల్ల పుట్టుక తీరే ఇది, రోగం కాదు. మీరు పెట్టిన పథ్యమే ఈ సంఖ్యను పెంచి ఉంటుంది. పసరు పారబోసి, కడుపునిండా అన్నం పెట్టండి. రెండు వారాలాగి మళ్లీ చూద్దాం” అన్నాడాయన. రెండు వారాల తరువాత సంఖ్య 1.4. చుక్క గుర్తు అలాగే ఉన్నది. ఆయన ఇచ్చిన ధ్రువపత్రంతో ఆ అమ్మాయి గడువులోపలే ఉద్యోగంలో చేరింది.

రెండేళ్ల తరువాత ఆమె తమ్మునికీ ఏదో పరీక్షలో బిలిరుబిన్ 1.6 వచ్చింది. ఈసారి ఆ తల్లి పొరుగూరికి కబురు పంపలేదు. రిపోర్టు చేతిలోకి తీసుకొని, డైరెక్టు ఎంత ఉన్నదో వెతికి చూసి, “నిన్న ఏం తిన్నావురా?” అని అడిగిందట.