ముందు 21, తర్వాత 47

ఆసుపత్రి సిబ్బంది చేతుల శుభ్రతపై వచ్చిన 96 అధ్యయనాలను జల్లెడపట్టి నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ఒక సమీక్ష ప్రచురించారు. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు 100 వస్తే, నిజంగా చేసుకున్నవి 40. నర్సులు 48, డాక్టర్లు 32. ఇవన్నీ సంపన్న దేశాల ఆసుపత్రులు. కుళాయిలో నీళ్లు రాకపోవడం, సబ్బు అయిపోవడం లాంటి సాకులు అక్కడ పెద్దగా ఉండవు.

అదే సమీక్షలో ఇంకో జత అంకెలున్నాయి. రోగిని ముట్టుకోబోయే ముందు చేతులు శుభ్రం చేసుకున్నది 21 శాతం. ముట్టుకున్న తర్వాత చేసుకున్నది 47 శాతం. ఈ తేడా బద్ధకం వల్ల వచ్చింది కాదు. బద్ధకమే అయితే రెండూ ఒకేలా తగ్గాలి కదా! పుండుకు కట్టుకట్టాక, రక్తం అంటాక చెయ్యి మనకే ఇబ్బందిగా అనిపిస్తుంది, కడుక్కుంటాం. ముట్టుకోకముందు అలా అనిపించదు. ఆ క్షణంలో ప్రమాదం మనకు లేదు, పడక మీదున్న మనిషికి ఉంది. అంటే సిబ్బంది తమ కోసం కడుక్కుంటున్నంతగా రోగి కోసం కడుక్కోవడం లేదు.

చేతుల శుభ్రత చరిత్ర మొదలైందే ఈ ‘ముందు’ దగ్గర. వియన్నా జనరల్ హాస్పిటల్‌లో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటిదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవారు, రెండోదాంట్లో మంత్రసానులు. 1846లో మొదటి విభాగంలో 100 మంది తల్లుల్లో 11 మందికి పైగా చనిపోతే, రెండోదాంట్లో ముగ్గురు కూడా లేరు. ఈ సంగతి ఊరంతా తెలుసు. మొదటి విభాగంలో చేర్చుకోవద్దని గర్భిణులు మోకాళ్ల మీద పడి వేడుకునేవారు. అక్కడ పనిచేస్తున్న ఇగ్నాజ్ సెమ్మెల్వెయిస్‌కు కారణం 1847లో దొరికింది. ఆయన స్నేహితుడు డాక్టర్ కొలెచ్కా పోస్టుమార్టం చేయిస్తుండగా విద్యార్థి కత్తి తగిలి గాయమైంది. తర్వాత అచ్చం ఆ తల్లుల్లాగే జ్వరపడి చనిపోయాడు. మొదటి విభాగంలోని వాళ్లంతా పొద్దున్నే శవాలను కోసి నేరుగా కాన్పుల గదికి వచ్చేవారు. మంత్రసానులకు పోస్టుమార్టం పని లేదు.

సబ్బుతో కడిగినా చేతులకున్న శవపు వాసన పోవడం లేదని, మే నెల మధ్య నుంచి క్లోరినేటెడ్ లైమ్ నీళ్లలో చేతులు కడుక్కున్నాకే లోపలికి రావాలన్నాడు సెమ్మెల్వెయిస్. మన ఊళ్లలో బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరే అది. ఏప్రిల్‌లో 18.3 శాతం ఉన్న మరణాలు జూన్‌లో 2.2 శాతానికి దిగాయి. సూక్ష్మక్రిముల సంగతి వైద్యానికి ఇంకా తెలియని కాలం. రోగిని చంపుతున్నది మీ చేతులే అంటే పెద్ద డాక్టర్లకు మింగుడుపడలేదు. ఆయన 1865లో, 47వ ఏట, మానసిక చికిత్సాలయంలో గాయం చీముపట్టి చనిపోయాడు.

ఇప్పటి లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి చేరాక కొత్తగా ఏదో ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. అలా అంటుకున్నవారిలో సగటున పదిమందికి ఒకరు చనిపోతున్నారు. చేతుల శుభ్రత, ఇతర జాగ్రత్తలు పాటిస్తే ఈ ఇన్ఫెక్షన్లలో 70 శాతం వరకు ఆపవచ్చని అదే నివేదిక చెబుతోంది.

ఎప్పుడెప్పుడు కడుక్కోవాలో 2009లోనే ఆ సంస్థ ఐదు సందర్భాలుగా చెప్పింది. రోగిని ముట్టుకునే ముందు, ఇంజక్షన్, సెలైన్, డ్రెస్సింగ్ లాంటి పని మొదలుపెట్టే ముందు, రక్తం, మూత్రం లాంటివి తగిలే పని చేశాక, రోగిని ముట్టుకున్నాక, మంచం కమ్మీ, సెలైన్ స్టాండ్ లాంటి చుట్టుపక్కల వస్తువులను తాకాక.

‘అంత టైము ఎక్కడిది?’ అని ఏ స్టాఫ్ నర్సును అడిగినా అంటుంది. ఆ మాటలో నిజముంది. సబ్బు, నీళ్లతో పద్ధతిగా కడిగితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఒక ఐసీయూలో సిబ్బంది ప్రతిసారీ సింకు దగ్గరికి వెళ్లి కడుక్కుంటే పగటి షిఫ్టులో అందరి సమయం కలిపి 16 గంటలు దానికే పోతుందని 1997లో ఇద్దరు పరిశోధకులు లెక్కతేల్చారు. మంచం పక్కనే ఆల్కహాల్ హ్యాండ్ రబ్ ఉంటే 3 గంటలు చాలు. రబ్‌కు పట్టేది 20 నుంచి 30 సెకన్లు.

మన వార్డుకు తెచ్చి చూడండి. 30 మంది రోగులు, ఒక్కో మంచం దగ్గరికి షిఫ్టులో నాలుగుసార్లు వెళ్లాలనుకుందాం. ముందొకసారి, తర్వాతొకసారి అంటే 240 సార్లు, 20 సెకన్ల చొప్పున 80 నిమిషాలు. అయితే ఒక రోగిని చూశాక రబ్ చేసుకుని, మధ్యలో ఫోను గానీ తలుపు గానీ ముట్టకుండా నేరుగా పక్క మంచానికి వెళితే రెండింటికీ ఒక్కసారే చాలు. 80 నిమిషాలు 40కి వస్తుంది. వార్డు చివర ఒక్క సింకు పెట్టి, దాని పక్కన అందరికీ ఒకే టవల్ వేలాడదీసి, నర్సులను తప్పుపట్టడం అన్యాయం.

జెనీవా ఆసుపత్రి మంచాల పక్కన రబ్ పెట్టి పెద్ద ప్రచారం నడిపింది. 1994లో 48 శాతం ఉన్న చేతుల శుభ్రత 1997 నాటికి 66 శాతానికి పెరిగింది. ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9కి తగ్గాయి. మారింది ఎక్కువగా నర్సులు. డాక్టర్లు అక్కడా మారలేదు!

రబ్ అన్నింటికీ మందు కాదు. చేతికి మురికి, రక్తం కనిపిస్తుంటే సబ్బు, నీళ్లే వాడాలి. విరేచనాలు తెప్పించే క్లోస్ట్రిడియం డిఫిసిల్ బీజాంశాలను ఆల్కహాల్ చంపలేదు. గ్లవ్స్ వేసుకున్నాం కదా అనుకోవడం ఇంకో పొరపాటు. వేసుకునే ముందూ, తీశాకా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే. హడావిడిలో బొటనవేళ్లు, వేళ్ల కొసలు మిగిలిపోతుంటాయి. గోళ్లు అర సెంటీమీటరు దాటకూడదు, కృత్రిమ గోళ్లు అసలే వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ డ్యూటీ అయ్యేదాకా బ్యాగులో ఉండాలి. గాజులు తీయడం మన ఇళ్లలో సున్నితమైన విషయమే, కానీ వాటి కింద చర్మానికి రబ్ చేరదు. స్టెతస్కోపు సంగతి అందరూ మరిచేదే. ఒక్క పరీక్ష తర్వాత దాని బిళ్లకు అంటిన బ్యాక్టీరియా, వేళ్ల కొసలు మినహా చేతిలో మరే భాగానికీ అంత లేదని 2014లో జెనీవాలోనే తేలింది.

2011లో అమెరికా పరిశోధకులు ఆడమ్ గ్రాంట్, డేవిడ్ హాఫ్‌మన్ ఒక ఆసుపత్రిలో సబ్బు, జెల్ డబ్బాల దగ్గర బోర్డులు పెట్టారు. ‘చేతుల శుభ్రత మీకు రోగాలు రాకుండా కాపాడుతుంది’ అని కొన్నిచోట్ల, ‘రోగులకు’ అని మరికొన్నిచోట్ల. మొదటి బోర్డు దగ్గర వాడకం పెరగలేదు. రెండోదాని దగ్గర పెరిగింది. గుర్తుచేస్తే చాలు, రోగి గుర్తొస్తాడన్నమాట.

తనిఖీల అంకెలను మాత్రం నమ్మకండి. లెక్క రాసుకునేవాళ్లు కనిపిస్తుంటే సిబ్బంది చేతులు శుభ్రం చేసుకోవడం మూడు రెట్లు పెరుగుతుందని 2014లో కెనడాలో ఎలక్ట్రానిక్ పరికరాలతో కొలిచి చెప్పారు. అంతకంటే స్టోర్స్ రిజిస్టరు నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం, రోగులు పడకల మీద గడిపిన ప్రతి 1000 రోజులకు కనీసం 20 లీటర్ల హ్యాండ్ రబ్ ఖర్చవ్వాలి. 100 పడకలు నిండా ఉన్న ఆసుపత్రికి రోజుకు 2 లీటర్లు, నెలకు 60. ఒక్కో రోగికి రోజుకు 20 మిల్లీలీటర్లు. ఒక్కసారికి 3 మిల్లీలీటర్లనుకుంటే ఏడు సార్లకు కూడా చాలదు, కాబట్టి ఇది పెద్ద కోరిక కాదు. సూపరింటెండెంట్లు, ఆసుపత్రి యజమానులు ఈ నెల ఇండెంటు ఒకసారి తెప్పించుకుని చూడండి.