కల్చర్ రిపోర్టులో పెరుగుతున్న ‘ఆర్’లు

తగ్గని జ్వరంతోనో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తోనో ఆస్పత్రిలో చేరిన రోగికి కల్చర్ పరీక్ష చేయిస్తే రెండు మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. అందులో యాంటీబయాటిక్‌ల పేర్లు వరసగా ఉంటాయి. ప్రతి పేరుకు ఎదురుగా ఒక అక్షరం ఉంటుంది. ‘ఎస్’ ఉంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది, ‘ఆర్’ ఉంటే లొంగదు. దేశంలోని పెద్ద ఆస్పత్రుల నుంచి ఇలాంటి ఫలితాలను సేకరించి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఏటా నివేదిక ఇస్తుంది. ఆ నివేదికల్లో ‘ఎస్’లు తగ్గిపోతున్నాయి.

న్యుమోనియాకు, రక్తంలో ఇన్ఫెక్షన్‌కు కారణమయ్యే క్లెబ్సియెల్లా బ్యాక్టీరియానే తీసుకోండి. 2017లో 58.5 శాతం నమూనాల్లో అది ఇమిపెనెమ్ ఇంజెక్షన్‌కు లొంగింది. 2023 నాటికి లొంగినవి 35.6 శాతమే. ఈ.కొలై అనే బ్యాక్టీరియా విషయంలో ఇదే మందుకు లొంగినవి 81.4 శాతం నుంచి 62.7 శాతానికి తగ్గాయి. ఇమిపెనెమ్ జలుబుకు రాసే మందు కాదు. మామూలు మందులు పనిచేయనప్పుడు ఐసీయూలో డాక్టర్లు ఆశ్రయించేది దాన్నే.

2,97,000 మరణాలు

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా మరణించినవారు ప్రపంచంలో 12.7 లక్షల మంది అని అంతర్జాతీయ పరిశోధకుల అంచనా. అందులో మన దేశం వాటా 2,97,000. అంటే దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు మనవారే. ఇలాగే సాగితే 2025 నుంచి 2050 లోపు ప్రపంచంలో 3.9 కోట్ల మంది బలవుతారని 2024లో అదే పరిశోధన హెచ్చరించింది. సిజేరియన్, మోకాలి మార్పిడి, కీమోథెరపీ, నెల తక్కువ బిడ్డకు ఇంక్యుబేటర్... ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ ఉందన్న ధీమాతోనే ఇవన్నీ నడుస్తున్నాయి.

10 గంటల్లో 107 కోట్లు

‘ఆ మాత్రలకు నా ఒళ్లు అలవాటు పడిపోయింది’ అని చాలామంది అంటుంటారు. నిజానికి అలవాటు పడేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అనుకూల వాతావరణంలో ఈ.కొలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఆ లెక్కన 10 గంటల్లో ఒక్కటి 107 కోట్లవుతుంది. ఇన్నిసార్లు విడిపోయేటప్పుడు జన్యువుల్లో చిన్నచిన్న మార్పులు రాక తప్పవు. మందును తట్టుకునే మార్పు ఏ ఒక్కదానికి వచ్చినా, యాంటీబయాటిక్ మిగతావాటిని చంపి దానికి చోటు ఖాళీ చేసిపెడుతుంది. పైగా అది ఆ గుణాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. అనవసరంగా వేసుకున్న ప్రతి మాత్రా ఈ ఎంపికను మన పేగుల్లోనే జరిపిస్తుంది.

507 కోట్ల డోసులు

2019లో మన ప్రైవేటు మందుల మార్కెట్‌లో అమ్ముడైన యాంటీబయాటిక్‌లు 507 కోట్ల రోజువారీ డోసులు. తలసరి చూస్తే చాలా దేశాల కన్నా ఇది తక్కువే. చిక్కు ఏ మందులు వాడుతున్నామన్న దగ్గర ఉంది. అతి జాగ్రత్తగా వాడాలంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘వాచ్’ జాబితాలో పెట్టిన మందులే అందులో 55 శాతం. అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన అజిత్రోమైసిన్ 500 మాత్ర కూడా ఆ జాబితాలోదే. మొదట వాడదగిన ‘యాక్సెస్’ మందులు 27 శాతం దాటలేదు. వాడకంలో వీటి వాటా 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా కనీసం 70 శాతం ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది.

మెడికల్ షాపులో గొంతు నొప్పి అనగానే స్ట్రిప్ కత్తిరించి మూడు మాత్రలు చేతిలో పెడతారు. మందు పేరు, గడువు తేదీ చాలాసార్లు కత్తిరించగా మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. ఆ గొంతు నొప్పి ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేదే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

6 శాతం

తప్పంతా రోగులదీ షాపులదీ కాదు. 2021-22లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 20 పెద్ద ఆస్పత్రుల్లో సర్వే చేసింది. చేరిన రోగుల్లో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్‌లు రాశారు. అందులో సగానికి పైగా ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చినవి. ఏ బ్యాక్టీరియానో కచ్చితంగా తేల్చుకుని ఇచ్చినవి 6 శాతమే. ప్రాణాపాయంలో ఉన్న రోగికి రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమని ఎవరూ అనరు. కానీ కల్చర్‌కు పంపి, రిపోర్టు రాగానే మందును మార్చడమో ఆపడమో చేయాలి. ల్యాబ్ లేని జిల్లా ఆస్పత్రిలో అది ఎలా సాధ్యం? ల్యాబ్‌లకు పెట్టే ఖర్చు కూడా మందుల శక్తిని కాపాడే ఖర్చే.

లీటరులో 31 మిల్లీగ్రాములు

మందులు తయారయ్యే చోటా సమస్య ఉంది. హైదరాబాద్ పొరుగున పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. రోజుకు 45 కిలోల లెక్క. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ 5 రోజుల్లో వాడేంత మందు ఒక్క రోజులో వాగులో కలిసింది. అలాంటి నీళ్లలో నిరోధక శక్తి పెంచుకున్న బ్యాక్టీరియాకు ఊరి సరిహద్దులు ఉండవు. ఫార్మా వ్యర్థాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020లో ముసాయిదా తెచ్చింది. 2021 తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. అవి తిరిగి రావాలి.

20 నుంచి 30 శాతం

బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడం ఆపలేని పరిణామమేమీ కాదు. 2018లోనే ఈ సమస్యపై రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక తెచ్చిన కేరళ, 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరుతో డాక్టరు చీటీ లేని అమ్మకాలపై తనిఖీలు మొదలుపెట్టింది. యాంటీబయాటిక్‌ల వాడకం 20 నుంచి 30 శాతం తగ్గిందని ఆ ప్రభుత్వం ప్రకటించింది. ఆ తనిఖీలకు ఆధారమైన నిబంధనలు కేంద్రానివే, మనకూ వర్తించేవే. షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలోని యాంటీబయాటిక్ అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. 2014 మార్చి 1 నుంచి ఇది అమల్లో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని షాపుల్లో ఆ రిజిస్టర్ నిజంగా రాస్తున్నారో ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీ చేసి, ఫలితాలు ప్రజల ముందు పెట్టాలి.

ఇక ఇంట్లో మన వంతు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా కొనొద్దు. ‘ఇది బ్యాక్టీరియా వల్లేనా? పరీక్ష అవసరమా? ఎన్ని రోజులు వాడాలి?’ అని డాక్టరును అడగండి. చెప్పినన్ని రోజులే వాడండి, మధ్యలో సొంతంగా ఆపొద్దు. మిగిలినవి దాచొద్దు, పక్కింటివారికి ఇవ్వొద్దు. పిల్లలకు టీకాలు సమయానికి వేయించండి. రాని ఇన్ఫెక్షన్‌కు మందే అక్కర్లేదు. యాంటీబయాటిక్ ఇవ్వకుండా ‘రెండు రోజులు చూద్దాం’ అని పంపిన డాక్టరును శంకించకండి. ఆయన మీ వైద్యంలో లోటు చేయలేదు, మందు నిజంగా అవసరమైన రోజున అది మీకు పనిచేసేలా చూశారు.