రోగమెరిగి చికిత్స

చెట్లను కోసే గొలుసు రంపానికి ప్రాణం పెట్రోలు ఇంజను. పెట్రోలులో కలిపిన నూనెయే దానికి కందెన. అనేక రంపాలకు లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. సీలు అరిగి గాలి చొరబడితే ఇంధనం పాలు తగ్గి, పిస్టను వేడెక్కి గీతలు పడుతుంది. కారణం తెలుసుకోకుండా కొత్త పిస్టను అమరిస్తే అదీ పాడవుతుంది.

కనుక ఇంటివద్ద బాగుచేసే నేర్పరి ముందుగా స్పార్క్ ప్లగ్ రంధ్రంలో ప్లాస్టిక్ ఆపుడుముక్కను దూర్చి, పిస్టను కదలకుండా నిలిపి, క్లచ్‌ను విప్పుతాడు. దాని మర సాధారణంగా ఎడమవాటు; కుడికి తిప్పితేనే వదులవుతుంది. అప్పుడు లోపలి సీలు కనబడుతుంది. పిదప ప్లగ్‌ను తిరిగి బిగించి, గాలి, పొగ ద్వారాలను మూసి, చేతిపంపుతో కొద్దిపాటి ఒత్తిడి కల్పించి, సబ్బునీరు పూస్తాడు. బుడగ లేచిన చోటే లోపం. ఈ పనిముట్ల వెల స్వల్పం; అవి కాపాడే ఇంజను వెల అధికం.