రానున్న యేటి సైకిలు దూరయాత్రలు

నవంబరు 1వ తేదీన నొక క్రొత్త సంవత్సరము ప్రారంభమగునని మా పాఠకులలో పెక్కుమంది యెఱుగరు. అది ఉగాదియు కాదు, జనవరి మొదటి తేదీయు కాదు. దూరప్రయాణములు చేయు సైకిలువారి సంవత్సరమది. ఆ దినము మొదలు మఱుసటి అక్టోబరు 31 వఱకు వారు చేసిన యాత్రలన్నియు ఒక్క లెక్కలోనికి వచ్చును. ఆ తేదీ సమీపించుచుండగా నొక యువకుడు మా కార్యాలయమునకు వచ్చి యొక కాగితమును మా బల్లపై నుంచెను. అందు పదునాలుగు యాత్రల పేర్లు, తేదీలు, దూరములు వ్రాయబడియుండెను. ఈతడు హైదరాబాదున నుద్యోగి. ఇంట భార్య, రెండేండ్ల బిడ్డ కలరు. యేడాదికి లభించు సెలవు పండ్రెండు దినములు. గడచిన రెండేండ్లలో 200, 300 కిలోమీటర్ల యాత్రలు ముగించినాడు. 600లో నొకమారు విఫలుడైనాడు. “అయ్యా, ఇందేవి యుంచుకొనవలెను, ఏవి కొట్టివేయవలెను?” అని యడిగెను. అట్టివారు నేడు మన పట్టణములలో ననేకు లున్నారు గావున, అతనికి చెప్పినదానినే యిచట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

మొదట నీ యాత్రల స్వరూపము నెఱుగనివారి కొఱకు రెండు మాటలు. వీనిని బ్రెవేలందురు. బ్రెవే యనగా ఫ్రెంచి భాషలో యోగ్యతాపత్రము. 200, 300, 400, 600, 1000 కిలోమీటర్ల దూరముల కొక్కొక్కదానికి గడువు నిర్ణయింపబడియున్నది. వరుసగా 13½, 20, 27, 40, 75 గంటలు. దారి పొడవున తనిఖీస్థలము లుండును. ప్రతిస్థలమునకు వేళలోపల చేరి చీటిపై గుర్తు వేయించుకొనవలెను. వెనుక నొక మోటారుబండి తోడురాకూడదు. చక్రమునకు గాలి పోయినచో తానే బాగుచేసికొనవలెను. ఆకలియైనచో దారిలో దొరకిన దోసె తినవలెను. అన్నిటికంటె మెచ్చదగినదేమనగా, ఇందు ప్రథముడు, ద్వితీయుడు అను వరుసలు లేవు. పదిగంటలలో వచ్చినవానికిని, గడువునకు రెండు నిమిషములు ముందు వచ్చినవానికిని గౌరవ మొక్కటియే. ఒకే సంవత్సరమున 200, 300, 400, 600 నాలుగును ముగించినవానికి సూపర్ రాండనూరు అను బిరుదము గలదు.

ఈ ప్రపంచమంతటికిని మూలము 1891లో జరిగిన పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెము. దానిని పుట్టించినవాడు పియెర్ జిఫార్ అను పత్రికాసంపాదకుడు. పత్రిక లమ్ముటకు వలసిన యుపాయము లాలోచించుటలో మా వృత్తివారు నాడును వెనుకబడియుండలేదు. రెండువందలకు మించి బయలుదేఱగా, షార్ల్ తెర్రాన్ అనువాడు 71 గంటల 22 నిమిషములలో మొదట తిరిగివచ్చెను. పందెము పోయి యాత్ర మిగిలినది. అది నేడు నాలుగేండ్లకొకమారు, 1200 కిలోమీటర్లకు 90 గంటల గడువుతో, 1904లో స్థాపింపబడిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ వారిచే జరుపబడుచున్నది. 2019లో జరిగినది, 2023లో జరిగినది, తరువాతిది 2027నాటిది. మన దేశపు బ్రెవేలును ఆడాక్స్ ఇండియావారి ద్వారా ఆ పారిస్ సంఘమువారి లెక్కలోనికే చేరును. హైదరాబాదు రాండనూర్ల సంఘమువంటివి మన ప్రాంతమున వీనిని నడపుచున్నవి.

ఇక నెన్నిక మాట. మన యువకుని కాగితమున దూరము లున్నవి, తేదీలున్నవి. బయలుదేఱు వేళ మాత్రము లేదు. మా యభిప్రాయమున మొదట చూడవలసిన దదియే. 600 కిలోమీటర్ల యాత్ర ఉదయము 6 గంటలకు బయలుదేఱెనేని, దాని గడువు మఱునాటి రాత్రి 10 గంటలకు తీఱును; నడుమ నొక్క రాత్రియే. అదే యాత్ర సాయంకాలము 8 గంటలకు బయలుదేఱెనేని మూడవనాటి మధ్యాహ్నము 12 గంటలకు ముగియును, రాత్రులు రెండు. దూర మొక్కటి, గడు వొక్కటి, చీటి యొక్కటి; కాని వీని రెంటికి గల యంతరము మనుష్యుని ప్రాణమునకు సంబంధించినది. అట్లే 300 ఉదయము 6కు బయలుదేఱినచో, మెల్లగా త్రొక్కువాడు తెల్లవాఱుజామున 2 గంటలకు, లారీలు నిండిన వేళ, ఊరిలోనికి ప్రవేశించును. 4 గంటలకే బయలుదేఱినచో నర్ధరాత్రమునకు ఇల్లు చేరును.

నిద్రను జయించితిమని చెప్పుకొనుట ఈ సైకిలువారిలో నొక యలంకారమైపోయినది. మే మా గొప్పను సహింపజాలము. 1997లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలలో, 17 గంటలు ఎడతెగక మేలుకొనినవాని నేర్పు, రక్తమున 0.05 శాతము మద్యము గలవాని నేర్పునకు దిగజాఱెననియు, 24 గంటలైనచో నది సుమారు 0.10 శాతమునకు సమానమనియు తేలినది. మన దేశమున మోటారు నడపువానికి చట్టము విధించిన హద్దు 0.03 శాతము. అనగా, ఉదయము నాలుగింట లేచి బయలుదేఱి, మఱునా డదే వేళకు జాతీయ రహదారిపై త్రొక్కుచున్న మన యువకుడు, కల్లు ముట్టకయే త్రాగినవాడగుచున్నాడు. అతని ప్రక్కగా లారీ నడపు డ్రైవరును నట్లే నిద్రలేనివాడై యుండవచ్చును. వీ రిరువురు కలియు చోటు నాలుగువరుసల బాటపై చీకటిలో నున్నది. నిర్వాహకులు వెనుకదీపమును, మెఱయు చొక్కాను నిర్బంధించుట మంచిదే. కాని దీప మెదుటివానికి మనలను చూపును గాని మన కన్ను మూతపడకుండ నాపదు.

కావున యాత్ర నెన్నుకొనువాడు నిద్రకు గంట లెన్ని మిగులునో ముందే లెక్కింపవలెను. ఈ లెక్క కఠినము కాదు. 600 కిలోమీటర్లను గంటకు 22 వంతున త్రొక్కగలవానికి చక్రములపై పట్టుకాలము 27 గంటల 16 నిమిషములు. 40లో తక్కినది 12 గంటల 44 నిమిషములు. భోజనములకు, తనిఖీలకు, పంక్చర్లకు నాఱుగంటలు పోయినను, ఆఱుగంటలు పడుకొనవచ్చును. గంటకు 20 త్రొక్కువానికి పది గంటలు మిగులును; నాలుగు గంటల నిద్ర దక్కును. ఎదురుగాలి వీచి వేగము 17కు దిగినచో త్రొక్కుటకే 35 గంటలు దాటును. మిగులు నాలుగున్నర గంటలలో తినవలెనా, నిదురింపవలెనా? మన యువకుడు గడచిన యేట విఫలుడైన దిచటనే. అతని కాళ్లలో లోపము లేదు. అతడు తన వేగమును 200 యాత్రలో, ప్రాతఃకాలపు చల్లదనమున, గాలి లేనినాడు కొలుచుకొనినాడు. 600ను ఆ కొలతతో నెన్నుకొనినాడు.

గాలి మాట వచ్చినది గావున మన దేశపు ఋతువుల నించుక పరికింతము. ఈ సైకిలు సంవత్సరము నవంబరున మొదలగుట మనకు మేలైనది. ఫ్రాన్సువానికి చలియు, పొగమంచునైన కాలము మనకు సవారికి తగిన కాలము. నవంబరున కోస్తాలో తుపానుల భయ మున్నది. డిసెంబరు మొదలు ఫిబ్రవరి చివఱివఱకు గల మూడు నెలలే మన నిధి. మార్చి పోయినచో రోహిణికార్తెవఱకు దినదినము నెండ ముదురును. ఆ నెలలలో పగటివేళ 400, 600 పెట్టుకొనుట సాహసము కాదు, అవివేకము. కావున 200, 300, 400, 600 నాలుగును చేయదలచినవాడు వానిని డిసెంబరు మొదలు ఫిబ్రవరి లోపల క్రమముగా నమర్చుకొనవలెను. 400కును 600కును నడుమ మూడు వారము లైన నుంచవలెను. వారము వారము యాత్ర చేసి కీళ్లు పాడుచేసికొనిన వారిని మేము చూచితిమి.

హైదరాబాదు నుండి విజయవాడ దారిని పోయి తిరిగివచ్చు యాత్ర కాగితముపై సులభముగా గన్పట్టును. పోవునపుడు సుమా రైదువందల మీటర్ల యెత్తుననున్న పీఠభూమినుండి కృష్ణాతీరమునకు దిగుదుము. అదే యాత్ర ఆషాఢ శ్రావణములలో నైనచో పడమటిగాలియు వెన్ను దన్నును. విజయవాడ చేరినవాడు తన్ను తాను మహావీరునిగా నెంచుకొనును. తిరుగుదారిలో నెక్కుడును, ఎదురుగాలియు, నిద్రలేమియు నొక్కమారు వాని నెదుర్కొనును. దీనికి మాఱుగా పడమటి దిక్కుకు బయలుదేఱు యాత్రలో, ఒడలు తాజాగా నున్నపుడు గాలి నెదిరించి, అలసినపుడు దాని సాయముతో నింటికి రావచ్చును. దూరమును చూచి యాత్ర నెన్నుకొనువారు ఏ దిక్కునకు పోవుచున్నదో యేల చూడరో మాకు తెలియదు. శ్రీశైలపు దారిని గూర్చియు నొక మాట. నల్లమలలో పులుల యభయారణ్యము గుండ పోవు నా మార్గమును రాత్రి 9 గంటలకు మూసి ఉదయము 6 గంటలకు తెఱతురు. గేటు మూతపడువేళకు దానిని దాటజాలని వేగము గలవాడు తొమ్మిది గంటలు కూర్చుండవలెను. అతని గడువు మాత్రము కూర్చుండదు.

పారిస్‌ను గూర్చి కలలు గనువారికి వేఱుగా చెప్పవలసియున్నది. 2019లో మన దేశమునుండి వందలకొలది సవారీలు వెళ్లిరి. అందు సగమునకు మించినవారు గడువులోపల ముగింపజాలకపోయిరి. బ్రెస్టునకు పోవునపుడు పడమటినుండి యెదురుగాలి వీచెను. రాత్రులు చలి కొఱికెను. దారి పొడవున చిన్న చిన్న యెక్కుడులు తెఱపి లేకుండ వచ్చెను. వీరందఱును స్వదేశమున నాలుగు బ్రెవేలను ముగించి యోగ్యత సంపాదించినవారే. మఱి లోప మెచట? సమతలముగ, వెచ్చగ, సులభముగ నున్న యాత్రల నేఱి యోగ్యత గడించినవారు పెక్కురు. యోగ్యతాపత్రము దూరమును చూచి యీయబడినది. చలిని, గాలిని, గుట్టలను అది చూడలేదు. కావున బ్రెస్టు దారిని తలచువాడు తనకు సుఖమైన యాత్రల నుండి కొన్నిటిని కొట్టివేసి, అరకు కనుమవంటి యెక్కుడులు గలవానిని, జులైలో గాలివానలో జరుగువానిని చేర్చుకొనవలెను. యాత్ర జరుగు యేటనే నాలుగు బ్రెవేలును ముగింపవలెనను నియమ మొకటి. దానికి ముందటి యేడును లెక్కకు వచ్చునని కూడ మఱవరాదు. 2023నాటి యాత్రకు 2022లో 1000 కిలోమీటర్ల బ్రెవే చేసినవారిని ముందుగా పేర్లు వ్రాయించుకొననిచ్చి, పిమ్మట 600 వారిని, ఆపై తక్కినవారిని పిలిచిరి.

ఎంత జాగ్రత్తగా నెన్నుకొనినను మన చేతిలో లేనిది కొంత యుండును. 2025 ఆగస్టులో లండన్-ఎడింబరో-లండన్ యాత్ర జరుగుచుండగా ఫ్లోరిస్ అను తుపాను ఉత్తరభాగమును తాకెను. నిర్వాహకులు యాత్రను నడుమనే నిలిపివేసిరి. నాలుగేండ్లు కూడబెట్టిన ద్రవ్యముతో సముద్రములు దాటి వచ్చినవారు సంచులు సర్దుకొని వెనుదిరిగిరి. నిలిపినవారిని మేము తప్పుపట్టము; మన నిర్వాహకులును తుపాను హెచ్చరిక గల దినమున నట్టి ధైర్యము చూపుదురు గాక. ఏడాది యాశలన్నిటిని నొక్క విదేశయాత్రపై నుంచుట యెంత పెళుసైన పనియో చూపుటకై యిది చెప్పితిమి.

తక్కిన వానిని గూర్చి క్లుప్తముగా. 2008లో మొదలైన నీలగిరుల యాత్ర డిసెంబరులో నెనిమిది దినములు, రాత్రి బసతో, సంచులు మోయు బండితో జరుగును. కల్హట్టి కనుమ నెక్కుట కాళ్లకు మంచి పాఠము. కాని సెలవును, సొమ్మును నొక్కదెబ్బకు మింగును. పూనానుండి గోవాకు 640 కిలోమీటర్లకు పైబడి సాగు డెక్కన్ క్లిఫ్‌హ్యాంగర్ పందెము. సహాయకుల బండి వెంట నుండవలసిన దగుటచే నింకను ఖర్చు. అమెరికా ఖండము నడ్డముగా దాటు పందెమున ప్రవేశమునకు దారితీయుట దాని విశేషము. ఆ ఖండయాత్రను 2017లో శ్రీనివాస్ గోకుల్‌నాథ్, అమిత్ సమర్థ్ ఒంటరిగా ముగించి మన దేశమునకు కీర్తి తెచ్చిరి. వారిని కొనియాడుదము. వారి దారి పండ్రెండు దినముల సెలవు గలవాని దారి కాదు.

నిర్వాహకులకును నొక మనవి. తనిఖీస్థలము నేర్పఱచునపుడు, రాత్రి తెఱచియుండు చోటు, నడుము వాల్చుటకు బల్ల, స్త్రీలకు మఱుగుదొడ్డి కలవో లేవో చూచి మఱి యేర్పఱచుడు. ఈ యాత్రలకు వచ్చు స్త్రీల సంఖ్య యేల స్వల్పమని విచారించువారు మొదట ఆ పెట్రోలుబంకును చూచి రావలెను.

మన యువకుని కాగితమున తుద కైదు నిలిచినవి. డిసెంబరులో నొక 200. జనవరి మొదట, తెల్లవాఱకమున్నే బయలుదేఱు 300. ఆ నెల కడపట 400. ఫిబ్రవరి చివఱ ఉదయము బయలుదేఱి పడమరగా పోవు 600. జులైలో గాలివాననాటి 200 ఒకటి. 600 కొఱకు మాత్రము ముందు వెనుకల నొక్కొక్క దినము సెలవు పెట్టుమంటిమి. ముందటిది నిద్రించుటకు, వెనుకటిదియు నిద్రించుటకే. నీలగిరుల పేరు కొట్టివేయునపుడు అతని మొగము చిన్నపోయెను. “నాయనా, అది ఎచటికి పోదు,” అంటిమి. అతడు కాగితము మడువబోయి, డిసెంబరు 200 తేదీని మఱల చూచి, అది తన బిడ్డ పుట్టిన దినమని జ్ఞప్తికి రాగా, మా కలమే యడిగి పుచ్చుకొని దానిని కొట్టివేసి, ప్రక్కన మఱుసటి వారపు తేదీని వ్రాసికొనెను.