యాభై అయిదు వేల ల్యాప్‌టాప్‌లో ఏది గట్టి, ఏది వట్టి?

ఫోన్ కొనేటప్పుడు మనమంతా పండితులమే. ఏ ప్రాసెసర్, ఎన్ని మెగాపిక్సెల్స్, ఎన్ని వాట్ల ఛార్జింగ్... నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అదే ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి ‘ఐ5 యేనా? 512 ఉందా? బ్యాగ్ ఫ్రీనా?’ అన్న మూడు ప్రశ్నలతో సరిపెట్టేస్తాం. ఫోనైతే రెండు మూడేళ్లకు మార్చేస్తాం కాబట్టి ఎలాగోలా గడిచిపోతుంది. ల్యాప్‌టాప్ అలా కాదు. మా ప్రకాశం జిల్లా ఇళ్లలో అది డిగ్రీ చివరి ఏడాదిలోనో, మొదటి ఉద్యోగం వేళకో వస్తుంది. మిర్చి అమ్మిన డబ్బులోంచో, పొగాకు వేలం బిల్లులోంచో నాన్న తీసి పక్కన పెట్టిన సొమ్ముతో వస్తుంది. కనీసం అయిదేళ్లు నడవాలి.

అందుకే ఈ ధరలో ల్యాప్‌టాప్‌ని నేను ఒకే ఒక్క ప్రశ్నతో తూకం వేస్తాను. కొన్నాక మార్చుకోగలిగేది ఏది? మార్చుకోలేనిది ఏది? మార్చుకోలేనివి బాగుంటేనే డబ్బు కట్టాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

నేను ఒంగోల్లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చీమకుర్తి గ్రానైట్ వాళ్లు, మిర్చి వ్యాపారులు, పొగాకు వాళ్లు మా క్లయింట్లు. ప్రతి నెలా 11లోపు జీఎస్‌టీఆర్-1, 20లోపు 3బి వెయ్యాలి. రోజంతా ట్యాలీ, ఎక్సెల్, క్రోమ్‌లో ఓ ఇరవై ట్యాబులు. రెండేళ్లుగా ఈ పనంతా 55 వేలకు కొన్న ల్యాప్‌టాప్ మీదే చేస్తున్నా. 15.6 అంగుళాల స్క్రీన్, ఇంటెల్ ఐ5-1235యు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో ఎవరి మోడల్ తీసుకున్నా లెక్కలు అటూ ఇటూగా ఇవే.

గట్టివి ఇవీ

మొదటిది కీబోర్డు. 15.6 అంగుళాల మోడళ్లలో చాలావాటికి కుడిపక్కన నంబర్ ప్యాడ్ ఉంటుంది. 14 అంగుళాల వాటిలో సాధారణంగా ఉండదు. ఎడమచేత్తో బిల్లు తిప్పుతూ కుడిచేత్తో అంకెలు కొట్టేవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. బరువు ఓ పాతికా ముప్పై శాతం ఎక్కువైనా నేను దీనికే ఓటేస్తా. రోజూ కాలేజీకి బస్సులో మోసుకెళ్లేవాళ్లకి మాత్రం 14 అంగుళాలే హాయి.

రెండోది పోర్టులు. పాత పెద్ద యూఎస్‌బీ రంధ్రాలు రెండు, హెచ్‌డీఎంఐ ఒకటి ఉన్నాయి. మా పనిలో డీఎస్‌సీ తప్పనిసరి. టీచర్ పోస్టుల పరీక్ష కాదండోయ్, డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్. అది పెద్ద యూఎస్‌బీలోనే దూరుతుంది. మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటి సన్నటి వాటిలో ఉండేవి టైప్-సి పోర్టులే, అంటే మధ్యలో ఇంకో అడాప్టర్ పెట్టుకోవాలి. పైగా ట్యాలీప్రైమ్ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. కామర్స్ వాళ్లు మ్యాక్ మోజులో పడేముందు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

మూడోది వేగం. 1235యులో మొత్తం పది కోర్లు ఉంటాయి. బరువు పనులకు రెండు, తేలిక పనులకు ఎనిమిది. ట్యాలీ, ఎక్సెల్, జూమ్, కోడింగ్ నేర్చుకోవడం... వీటికి ఇది చాలా ఎక్కువే. చివర ఉన్న ‘యు’ అక్షరం కరెంటు తక్కువ తాగే రకం అని చెప్తుంది. అదే ‘హెచ్’ అని ఉంటే వేగం ఎక్కువ, వేడీ ఎక్కువే. వీడియో ఎడిటింగ్, గేమింగ్ చేసేవాళ్లకి ‘యు’ చాలదు.

తెలుగు టైపింగ్ సంగతి కూడా చెప్పాలి. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చినట్టే విండోస్‌లోనూ వస్తుంది. 2019 నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డు అందులోనే ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలుపుకుంటే చాలు, విడిగా ఏదీ కొనక్కర్లేదు.

వట్టివి ఇవీ

అన్నిటికన్నా వట్టిది స్క్రీన్. ఈ ధరలో చాలా మోడళ్ల స్పెక్ షీట్‌లో ‘250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదటిది వెలుగు, రెండోది రంగులు. మన ఫోన్ల అమోలెడ్ తెరలకి అలవాటుపడ్డ కళ్లకి ఇది కడిగేసిన గోడలా కనిపిస్తుంది. ఒకసారి మిర్చి వ్యాపారి ఒకాయన తన తేజ రకం సరుకు ఫొటోలు నా ల్యాప్‌టాప్‌లో చూసి, “ఏందయ్యా, నా కాయ తాలు కాయలాగా కనబడతంది!” అని ఉలిక్కిపడ్డారు. అదే ఫొటో ఫోన్‌లో చూపిస్తే ఎర్రగా నిగనిగలాడుతోంది. అంకెలకి ఈ స్క్రీన్ చాలు. ఫొటోలు, డిజైన్లు చేసేవాళ్లు మాత్రం ‘100 శాతం ఎస్ఆర్‌జీబీ’ అని రాసి ఉన్నదే తీసుకోండి. స్క్రీన్‌ని తర్వాత మార్చుకోవడం అయ్యే పని కాదు.

తర్వాత ర్యామ్. విండోస్, క్రోమ్, ట్యాలీ మూడూ తెరిస్తే 8 జీబీ ఊపిరి తీసుకోలేదు. నా దాంట్లో 8 జీబీ బోర్డుకే అతికించేసి ఉంది. కాకపోతే ఒక స్లాట్ ఖాళీగా ఉండటంతో ఇంకో 8 వేయించా. ఆ రోజు నుంచీ కొత్త బండిలా నడుస్తోంది. చాలా సన్నటి మోడళ్లలో ఆ ఖాళీ స్లాట్ ఉండదు. అలాంటప్పుడు మొదటే 16 జీబీది తీసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ గురించి అంత బెంగ వద్దు, దాన్ని ఎక్కువ మోడళ్లలో తర్వాత మార్చుకోవచ్చు. 512 అని కొంటే విండోస్ 476 అని చూపిస్తుంది. మోసం కాదు, కంపెనీలు వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది. అంతే.

పేరు చూసి మోసపోవద్దు

ఏఎండీ రైజెన్‌లో ఒక తిరకాసు ఉంది. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు... పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా. 7520యులో నాలుగే కోర్లు, అవీ పాత జెన్ 2 తరానివి. 7530యులో ఆరు కోర్లు, జెన్ 3 తరానివి. ఈ 7000 సిరీస్‌లో మూడో అంకె తరం సంగతి చెప్తుంది. పైగా 7520యు వాడే ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, పెంచుకునే దారి ఉండదు. ఒక్క అంకె తేడాకి అయిదేళ్లు బాధపడాలా?

మన ఊరి పరీక్షలు

యూట్యూబ్ రివ్యూలు ఏసీ గదుల్లో చేస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండలో ఒంగోల్లో ఫ్యాను కింద పనిచేసేవాళ్ల సంగతి వేరు. ల్యాప్‌టాప్ స్పెక్ షీట్లలో సాధారణంగా 35 డిగ్రీల దాకానే వాడమని ఉంటుంది. మే నెలలో మా గదే అది దాటేస్తుంది. అప్పుడు ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, లోపలి ఫ్యాన్ హోరెత్తుతుంది. దిండు మీదో, పరుపు మీదో పెట్టొద్దు. వెనక రెండు పుస్తకాలు పెట్టి ఎత్తితే గాలి ఆడుతుంది. ఏడాదికోసారి లోపలి దుమ్ము తీయించండి.

బ్యాటరీకి కూడా వేడే శత్రువు. లెక్క చాలా తేలిక. 45 వాట్ అవర్ బ్యాటరీ, పని తొమ్మిది వాట్లు తాగితే అయిదు గంటలు. వెలుగు పెంచి వీడియో కాల్ మాట్లాడితే మూడే. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు చాలా కంపెనీల యాప్‌ల్లో ఉండే ‘80 శాతం దగ్గర ఆపు’ సెట్టింగ్ పెట్టుకోండి. అయినా 20వ తేదీ సాయంత్రం కరెంటు పోతే ఆ అయిదు గంటలే మనకి దేవుడు. వైఫై రౌటర్ ఆగిపోతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద పని కానిచ్చేయొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం సర్వీసు. ఇక్కడ బాగుచెయ్యలేదంటే సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ దాకా పోవాల్సి రావచ్చు. ఒక రోజు, బండి ఖర్చు, పని నష్టం. ఇంటికొచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ ఉందా, సర్వీసు సెంటరుకి మనమే మోసుకెళ్లాలా అన్నది బాక్సు మీద కాదు, వారంటీ కాగితంలో ఉంటుంది. కంపెనీ సైట్‌లో 523001 అని మీ పిన్‌కోడ్ కొట్టి చూసుకోండి.

డబ్బు లెక్క

అకౌంట్స్ మనిషిని కదా, ఇదొక్కటి చెప్పకపోతే నిద్రపట్టదు. ల్యాప్‌టాప్ మీద జీఎస్‌టీ 18 శాతం. 55 వేల ధరలో సుమారు 8,390 రూపాయలు పన్నే. మీ ఇంట్లో రెగ్యులర్ జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారం ఉండి, ల్యాప్‌టాప్ ఆ వ్యాపారం కోసమే అయితే, జీఎస్‌టీ నంబరుతో బిల్లు తీసుకుని ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి కుదరదు.

బడ్జెట్ ముప్పై వేలే అయితే రీఫర్బిష్డ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటిలో ఇంటెల్ 8వ తరానికి ముందువి వద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, పాత తరాల ప్రాసెసర్లకి విండోస్ 11 అధికారికంగా రాదు.

డబ్బు కట్టేముందు షాపులోనే నాలుగు పనులు చెయ్యండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడారో చూడండి. ల్యాప్‌టాప్‌ని షాపు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో స్క్రీన్ చదవండి. మీ పేరు, అడ్రసు పది సార్లు టైప్ చెయ్యండి, కీబోర్డు మధ్యలో కుంగుతోందేమో తెలుస్తుంది. టైప్-సి తో ఛార్జింగ్ ఎక్కుతుందా అని అడగండి. ఎక్కితే 65 వాట్ల ఛార్జర్ ఒక్కటే ఫోన్‌కీ, దీనికీ సరిపోతుంది.

చివరగా నా తీర్పు. లెక్కలు, చదువు, ఆఫీసు పని, ఉద్యోగాల వేట... వీటికైతే ఈ 55 వేల బండి ఖర్చుకి తగ్గదే, 16 జీబీ ఉంటే. రంగులతో పని ఉన్నవాళ్లు, వీడియోలు కట్ చేసేవాళ్లు ఇంకొన్ని నెలలు ఆగి, ఇంకో పదిహేను ఇరవై వేలు కలుపుకుని కొనండి. షాపువాడు ఫ్రీగా ఇచ్చే బ్యాగు ఆర్నెల్లకి చిరిగిపోతుంది. స్క్రీను, బోర్డుకి అతికించిన ర్యామ్ మాత్రం చివరిదాకా మీతోనే ఉంటాయి.